సోమవారం సంతకం, మంగళవారం కళ్ళు

నల్లమందు తిన్నవాడి కంటిపాప ఆవగింజంత అయిపోతుంది. మందు అందక వణికిపోయేవాడి కంటిపాప పగటి వెలుగులో కూడా పెద్దదిగా విచ్చుకుని ఉంటుంది. ప్రొబేషన్ అధికారిగా ఉద్యోగంలో చేరినప్పుడు ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు. శిక్షణలో నేరస్తుల మనస్తత్వం మీద గంటలకు గంటలు ఉపన్యాసాలు విన్నాం. వాటిలో ఒక్కటీ నాకిప్పుడు గుర్తులేదు. ఈ ఒక్క ముక్క మాత్రం ఒక మనిషిని జైలుకు పోకుండా ఆపింది. నేనొక్కదాన్నే ఆపానని చెప్పుకోను గాని, ఆపినవాళ్ళలో నేనూ ఒకదాన్నని చెప్పుకోవడానికి మాత్రం మొహమాటపడను.

మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వస్తుంటారు. "మేడమ్, మీ రోజుల్లో కూడా మత్తుమందుల కేసులుండేవా?" అని అడుగుతారు. మా రోజుల్లో జనమంతా కొబ్బరినీళ్ళు తాగి, భజనలు చేసుకుంటూ బతికారని వీళ్ళ ఉద్దేశం. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. పేర్లు ఎవరివీ చెప్పను. ఉన్నవాళ్ళకు పిల్లలున్నారు, పోయినవాళ్ళకు మర్యాద ఉంది.

డెబ్బైల్లో బెజవాడ కాలవల మీద సరుకు పడవలు ఇంకా తిరుగుతుండేవి. లారీలు వచ్చి వాటి నోట మట్టి కొడుతున్నా వడ్లు, ఇటుకలు, కట్టెలు, పసుపు కొంత నీటిమీదే నడిచేవి. గాలి ఉంటే తెరచాప ఎత్తేవాళ్ళు. లేకపోతే కళాసీలు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవాళ్ళు. ఎండనక, వాననక అలా మైళ్ళకు మైళ్ళు లాగినవాడికి పొద్దుగూకాక ఒళ్ళు స్వాధీనంలో ఉండదు. అందుకు విరుగుడు నల్లమందు. శనగగింజంత ఉండ నోట్లో వేసుకుంటే నొప్పి ఉండదు, ఆకలి ఉండదు, దిగులు ఉండదు. కొన్నాళ్ళకు ఆ గింజ లేకపోతే మనిషే ఉండడు. డెల్టాలో కూలి చేసుకునే ఇళ్ళలో ఈ అలవాటున్న పెద్దవాళ్ళు చాలామందే ఉండేవాళ్ళు. ఎవరూ దాన్ని తప్పుగా చూసేవాళ్ళు కాదు. ప్రభుత్వం అమ్మకాలు బిగించాక అది నేరమైంది. అలవాటు మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

నాది గుణదల. మా నాన్న మిషన్ బడిలో మాస్టారు. నాకు ఈ ఉద్యోగం వచ్చినప్పుడు చర్చి దగ్గర కలిసిన ఆడవాళ్ళు మా అమ్మను పక్కకు పిలిచి, ఆడపిల్లకు దొంగలతో ఏం పని, టీచరు ఉద్యోగం దొరకలేదా అని ఆరా తీశారు. పిల్లల్ని బాగుచేసినా ఒకటే, దొంగల్ని బాగుచేసినా ఒకటే, దొంగలైతే హోమ్‌వర్కు దిద్దే పని ఉండదు అని మా నాన్న వాళ్ళకు జవాబు చెప్పాడు. నిజానికి నన్ను వేసింది ఆడవాళ్ళ కేసులూ పిల్లల కేసులూ చూడమని. మగవాళ్ళ కేసులు చూసే సీనియర్ గారు జబ్బుచేసి దీర్ఘకాలం సెలవు పెట్టడంతో ఆయన ఫైళ్ళు కూడా నా బల్ల మీదికి వచ్చిపడ్డాయి. అందులో ఒకటి ఒక పడవ కళాసిది, నేను మొదట చెప్పిన మనిషి అతనే.

కాలవ గట్టున ఉన్న ఒక గోడౌన్‌లోంచి పసుపు బస్తా ఎత్తుకెళ్ళాడన్నది కేసు. దొంగతనానికి లోకంలో పసుపు తప్ప మరొకటి దొరకనట్టు! పైగా బస్తాకు చిల్లి ఉంది. గోడౌన్ గుమ్మం దగ్గర మొదలుపెట్టి అతని పడవ దాకా గట్టు పొడవునా పసుపు గీత. స్టేషన్ హెడ్ కానిస్టేబులు ఆ గీత పట్టుకుని తాపీగా నడిచి వెళ్ళి, ఒళ్ళంతా పసుపుతో పెళ్ళికొడుకులా పడుకుని ఉన్నవాణ్ణి లేపాడట. ఇలాంటి దొంగతనాలకే అంతకు ముందు కూడా జైలుకు వెళ్ళివచ్చాడు. ఎత్తుకెళ్ళినదంతా నల్లమందుకే పోయేది.

ఈ హెడ్డుగారి గురించి కొంత చెప్పాలి. భారీ మనిషి, గొంతు మాత్రం మెత్తన. దొంగను కొట్టగా నేను చూడలేదు. పదేపదే దొరికే పాత నేరస్తులందరినీ "అల్లుడూ" అని పిలిచేవాడు. ఎందుకండీ అని అడిగితే, "అత్తారింటికి వచ్చేవాణ్ణి అల్లుడనక ఏమంటామమ్మా" అనేవాడు. నన్నేమో "ప్రొబేషనమ్మ గారు" అనేవాడు. ఆ పేరు కోర్టంతా పాకింది. చివరకు జీతం బిల్లులో తప్ప ఎక్కడా నా అసలు పేరు వినపడకుండా పోయింది.

రిపోర్టు కోసం నేను పడవ దగ్గరకు వెళ్ళాను. కళాసి భార్య పొయ్యి దగ్గర కూర్చుని చేపలు తోముతోంది. సర్కారు మనిషినని తెలిసినా లేవలేదు. మీ ఆయన మంచివాడేనా, ఇంట్లో ఎలా ఉంటాడు అని నేను పుస్తకంలో ఉన్న ప్రశ్నలు అడుగుతూ పోతే కాసేపు ఓపిక పట్టింది. చివరకు కత్తిపీట పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది.

"ఇన్నిసార్లు ఆణ్ణి తీసుకుపోయారు గదమ్మా, ఒక్కసారన్నా బాగుచేసి పంపారా? మీ జైలు తాళం ఆడి కాళ్ళకే గాని నాలిక్కి వెయ్యలేదుగా" అంది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. మరునాడు ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్ళి సబ్ జైలు ఖైదీలను చూసే డాక్టరు గారిని కలిశాను. ఆయన మాటల్లో మహా పిసినారి. నేను చెప్పిందంతా విని, "పట్టుకొస్తే మాన్పిస్తాను. పట్టుకురావడం మీ పని" అన్నాడు. అంతే, లేచి వార్డులోకి వెళ్ళిపోయాడు.

మా చట్టంలో ఒక వెసులుబాటుంది. నేరం రుజువైనా మేజిస్ట్రేటు తలచుకుంటే జైలుకు పంపకుండా, మంచి నడవడికతో ఉంటానని బాండు రాయించుకుని, మా పర్యవేక్షణలో వదిలిపెట్టవచ్చు. మత్తు పదార్థాలు ముట్టరాదని షరతు పెట్టవచ్చు. షరతు తప్పితే పాత నేరానికి శిక్ష పడుతుంది. నల్లమందు తినేవాణ్ణి ముట్టవద్దని ఊరికే కాగితం మీద రాయించుకుంటే, జ్వరం వచ్చినవాణ్ణి ఒళ్ళు కాలకూడదని ఆజ్ఞాపించినట్టే ఉంటుంది. కాబట్టి షరతుతో పాటు ఆస్పత్రిలో చికిత్స కూడా కలపమని రిపోర్టులో రాశాను. ఇలా అడగడం మా జిల్లాలో అంతకు ముందు ఎవరూ ఎరగరు.

మేజిస్ట్రేటు గారు పెద్దవయసు మనిషి. సెక్షన్లను పెదాల మీద వల్లెవేసుకుంటే తప్ప ఏ నిర్ణయమూ చేసేవారు కాదు. కోర్టంతా ఆ గొణుగుడు ఆగేదాకా నిశ్శబ్దంగా కూర్చునేది. ప్రభుత్వ ప్లీడరు లేచి, ఆస్పత్రిని దొంగల సత్రం చేద్దామా, ఈసారి పసుపు పోయింది రేపు మందుల సీసాలు పోతాయి అని వెటకారమాడాడు. మేజిస్ట్రేటు గారు గొణుగుడు ఆపి నన్ను ఒకటే అడిగారు. వీడికి స్థిర నివాసం ఏదమ్మా అని. చట్టం అడిగేది అదే. మనవాడి నివాసమేమో ఈ వేళ బెజవాడ, రేపు బందరు దారి. కళాసి బావమరిది ముందుకొచ్చి, కృష్ణలంకలో నా పాక ఉంది, బావ అక్కడే ఉంటాడు, నేను జామీను అన్నాడు. మేజిస్ట్రేటు గారు ఒప్పుకున్నారు. ప్లీడరు గారి మనసు కూడా నొప్పించకుండా, ఆస్పత్రి నుంచి వచ్చాక ప్రతి సోమవారం పోలీసు స్టేషన్లో సంతకం పెట్టాలని ఇంకో షరతు చేర్చారు. మా అందరికీ అది సబబుగానే తోచింది. పోలీసు కన్ను మీద ఉంటే మనిషి తిన్నగా ఉంటాడనుకున్నాం.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. కోర్టు పంపినా, వార్డులో సిస్టరు గారు మంచం ఇవ్వనంది. దొంగ వస్తున్నాడని తెలిసి రోగులంతా గ్లాసులు తలగడల కింద దాచుకున్నారు. డాక్టరు గారు తన గది ముందు వరండాలో మంచం వేయించాడు.

ఆయన వైద్యం నేను చూసిన మేరకు ఇదీ. నల్లమందు ద్రవంలో ఒక చేదుమందు కలిపి, పూటకు ఇంతని కొలిచి తాగించేవాడు. రోజురోజుకీ నల్లమందు పాలు తగ్గించి చేదు పాలు పెంచేవాడు. రుచి మారదు కాబట్టి తాగేవాడికి తెలియదు. అయినా మొదటి వారం చూడలేకపోయాం. ముక్కూ కళ్ళూ కారిపోవడం, వాంతులు, కాళ్ళు పీక్కుపోతున్నాయని కేకలు. భార్య మంచం పట్టె పట్టుకుని కూర్చునే ఉండేది. ఒకనాడు డాక్టరు గారు గ్లాసు అందించి, "కొన్నాళ్ళుగా నువ్వు తాగుతున్నది ఉత్త చేదునీళ్ళు" అన్నాడు. కళాసి నమ్మలేదు. తన చేతుల్ని ముందుకు చాచి చూసుకున్నాడు. వణకడం లేదు. అప్పుడు ఏడ్చాడు.

ఒళ్ళు కాస్త కుదుటపడగానే ఊరికే కూర్చోలేక వార్డులో పనులు అందుకున్నాడు. పడవలు లాగిన చేతులకు స్ట్రెచరు ఒక లెక్కా? ఇంటికి పంపే రోజున ఎక్కువ బాధపడింది సిస్టరు గారే. బావమరిది అతనికి బియ్యం మిల్లులో మూటలు మోసే పని చూశాడు. ప్రతి మంగళవారం ఆస్పత్రికి వచ్చి కనపడాలని డాక్టరు గారు చెప్పాడు. నేను కూడా మంగళవారాలు అక్కడికి వెళ్ళేదాన్ని.

మొదటి మంగళవారం డాక్టరు గారు అతని కళ్ళలోకి టార్చి వేసి చూశాడు. చీటీ మీద ఏదో రాసుకున్నాడు. రెండో మంగళవారం చూశాక నన్ను గదిలోకి పిలిచి, తింటున్నాడు అని ఒక్క మాట అన్నాడు. కంటిపాప ఆవగింజంత ఉంటుందని నాకు చూపించింది అప్పుడే. కళాసిని అడిగితే తల వంచుకున్నాడే గాని నోరు విప్పలేదు. డాక్టరు గారికి భార్య మీద అనుమానం వచ్చింది. మొగుడి బాధ చూడలేక కూట్లో కలిపి పెట్టే ఇల్లాళ్ళు ఉంటారట. ఆ మాట అనగానే ఆమె డాక్టరని కూడా చూడకుండా కడిగేసింది. వారమంతా తన మొగుడు తిండి తింటున్నాడు, పనికి పోతున్నాడు, పిల్లల్ని ఎత్తుకుంటున్నాడు. సోమవారం టేసనుకు పోయి వచ్చినప్పుడే గోడకు చేరగిలబడి, పిలిస్తే పలకడు. ఈ సంగతి తనను ఒక్కళ్ళన్నా అడిగారా అంది.

తరువాతి సోమవారం నేను స్టేషనుకు వెళ్ళి బల్ల మీద కూర్చున్నాను. హెడ్డుగారు నాకు టీ తెప్పించాడు. కళాసి వచ్చి సంతకం పెట్టాడు. హెడ్డుగారు సొరుగు లాగి, చిన్న రేకు డబ్బా తీసి, అందులోంచి ఒక ఉండ అతని అరచేతిలో పెట్టాడు. తలనొప్పి బిళ్ళ ఇచ్చినంత మామూలుగా. నా ఎదటే! దాచాల్సిన పని అని ఆ మనిషికి తోచనే లేదు. కళాసి నా వంక చూడలేక, ఇచ్చింది కాదనలేక, నోట్లో వేసుకుని వెళ్ళిపోయాడు.

నాకు కోపం వస్తే ఎదుటివాళ్ళ వయసు గుర్తుండదు. ఆయన్ను అననివి లేవు. దొంగలు మీ చెప్పుచేతల్లో ఉండాలని మందు అలవాటు చేసి కట్టేసుకుంటున్నారా అని కూడా అన్నాను. ఆయన అన్నీ విన్నాడు. డబ్బా మూత పెట్టి, నెమ్మదిగా చెప్పాడు.

"నేను కొత్తగా చేరినప్పుడమ్మా, ఇట్టాంటోణ్ణే లాకప్‌లో వేశాం. మందు కావాలని మొత్తుకున్నాడు. నాటకమాడుతున్నాడని నవ్వుకున్నాం. పొద్దున్నే తలుపు తీస్తే చచ్చిపడున్నాడు. అప్పట్నుంచీ నా దగ్గిర ఈ డబ్బా ఉంటది. నా చేతుల మీద ఇంకోడు పోలేదు."

ఆయన చేస్తున్నది తప్పే. అది దయతో చేస్తున్న తప్పని అంతవరకు నేను ఊహించలేదు. ఇప్పుడు ఇతనికి మందు అక్కర్లేదు, ఆస్పత్రిలో మాన్పించారు అని నచ్చజెప్పబోయాను. డాక్టర్లు అట్టాగే చెప్తారమ్మా, వాళ్ళు లాకప్ కాపలా ఎప్పుడు కాశారు అన్నాడు.

సంతకం స్టేషన్లో కాకుండా ఆస్పత్రిలో పెట్టేలా షరతు మార్చమని కోర్టులో అర్జీ వేశాను. దానికి వాయిదా పడింది. ఆ మధ్యలో ఇంకో సోమవారం ఉంది. డాక్టరు గారు కళాసితో, పెద్దాయన ఇస్తే తీసుకో, తినకుండా నా దగ్గరకు పట్టుకురా అని చెప్పాడు. పక్కనే నేనున్నాను. ఆ ఉండ దగ్గర పెట్టుకుని రోడ్డు మీద నడవడం కూడా నేరమేనని, వైద్యం చదువుకున్న ఆయనకు గాని చట్టం చదువుకున్న నాకు గాని తట్టలేదు. చదువులంటే అలాగే ఉంటాయి.

ఆ స్టేషనుకు కొత్తగా ఒక కుర్ర సబిన్‌స్పెక్టరు వచ్చాడు. కేసులు పెట్టాలన్న ఉబలాటం మీద ఉన్నాడు. సోమవారం కళాసి సంతకం పెట్టి, ఉండను కాగితంలో చుట్టి రొంట్లో దోపుకుని, ఆస్పత్రి వైపు నడుస్తున్నాడు. పాత నేరస్తుడు గబగబా పోతున్నాడని ఆపి సోదా చేస్తే ఉండ దొరికింది. డాక్టరు గారికి ఇవ్వడానికి తీసుకుపోతున్నానన్నాడట కళాసి. స్టేషనంతా నవ్విందట. బాండు షరతు తప్పాడు, పసుపు కేసులో శిక్ష వేయాలి, నల్లమందు కేసు కొత్తగా పెడుతున్నాం అని రిపోర్టు తయారైంది.

సాయంత్రం నేను హెడ్డుగారి క్వార్టరుకు వెళ్ళాను. ఆ సోమవారం నేను స్టేషన్లో లేను కాబట్టి, ఆ ఉండ ఎక్కడిదో కోర్టు నమ్మేలా చెప్పగలిగింది ఆయన ఒక్కడే. చెబితే ఉద్యోగం మీదికి వస్తుంది. చెప్పకపోతే బాగుపడుతున్నవాడు జైలుకు పోతాడు, వెనక అతని పిల్లలు వీధిన పడతారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అరుగు మీద ఆయన భార్య అప్పడాలు ఎత్తుతోంది. హెడ్డుగారు నాకు కుర్చీ వేసి, తను నిలబడే ఉన్నాడు. నేను బతిమాలలేదు. రేపు కోర్టులో ఏమవుతుందో చెప్పాను. ఆయన నేల చూపులు చూస్తూ, పింఛనుకు ఎన్నాళ్ళో లేదమ్మా అన్నాడు. ఔనని గాని కాదని గాని అనలేదు. ఆ రాత్రి మా నాన్న ప్రార్థన చేస్తూ, దొంగ కోసమూ పోలీసు కోసమూ కలిపి అడిగాడు.

మంగళవారం కోర్టు కిక్కిరిసి ఉంది. కళాసి బోనులో నిలబడ్డాడు. సబిన్‌స్పెక్టరు రిపోర్టు చదివించాడు. మేజిస్ట్రేటు గారి మొహం ముడుచుకుపోయింది. నిన్ను నమ్మి ఒక కొత్త దారి తొక్కితే నాకు దక్కింది ఇదా అన్నట్టు నావైపు చూశారు. నేను లేచి, ఆ ఉండ తినడానికి కాదని, అతను నిజంగా తింటున్నాడో లేదో ఇక్కడే చూడవచ్చని, డాక్టరు గారిని పిలవమని కోరాను. ప్లీడరు అభ్యంతరం చెప్పాడు. మేజిస్ట్రేటు గారు కాసేపు గొణుక్కుని సరే అన్నారు.

డాక్టరు గారు బోను దగ్గరకు వెళ్ళి టార్చి వేశాడు. మామూలుగా మాటకు ఒక మాటే చెప్పే మనిషి ఆ రోజు విడమరిచి చెప్పాడు. తిని ఉంటే కంటిపాప ఆవగింజంత ఉండాలి, లేదు. అలవాటున్నవాడై, నిన్నటి నుంచి సబ్ జైల్లో మందు అందక ఉండి ఉంటే కంటిపాప విచ్చుకుని ఉండాలి, ముక్కు కారాలి, ఈ పాటికి నేల మీద దొర్లాలి, అదీ లేదు. ఇది మామూలు మనిషి కన్ను అన్నాడు. మేజిస్ట్రేటు గారు కుర్చీ దిగి వచ్చి, కళ్ళజోడు సవరించుకుని స్వయంగా చూశారు. కోర్టులో న్యాయమూర్తి బోను దాకా నడిచి రావడం నా సర్వీసులో మళ్ళీ చూడలేదు.

తిరిగి వెళ్ళి కూర్చుని, ఆ ఉండ ఎవరిచ్చారని కళాసిని అడిగారు. కళాసి పలకలేదు. చెబితే నీకే మంచిదన్నారు. అయినా పలకలేదు. గుమ్మం దగ్గరున్న భార్య, చెప్పవయ్యా అని గొంతు పెంచింది. బంట్రోతు ఆమెను కసిరాడు. కళాసి ఒకసారి గోడవైపు చూశాడు. అక్కడ పోలీసుల వరసలో హెడ్డుగారు నిలబడి ఉన్నాడు.

"దొరికిందండయ్యా" అన్నాడు కళాసి. "నన్నేం చేసినా సరే. పేరు మాత్రం నేను చెప్పనండి."

హెడ్డుగారు వరసలోంచి కదిలి ముందుకు వచ్చాడు. టోపీ సర్దుకుని, సెల్యూట్ కొట్టాడు.

"ఆ ఉండ నేనిచ్చిందేనండయ్యా. ప్రతి సోమవారం నేనే ఇస్తన్నాను" అన్నాడు. సబిన్‌స్పెక్టరు ఏదో అనబోతే మేజిస్ట్రేటు గారు చెయ్యెత్తి ఆపారు. హెడ్డుగారు లాకప్‌లో చచ్చిపోయినవాడి సంగతి అంతా చెప్పాడు. తనకు ఏ శిక్షయినా సమ్మతమే అన్నాడు. తరువాత బోనువైపు చెయ్యి చూపించి అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "ఇన్నేళ్ళ సర్వీసులో ఎంతమందికో ఇచ్చానండి. చేతిలో పెట్టింది తినకుండా నడిచినోడు వీడొక్కడే. వీణ్ణి లోపలేస్తే ఇంక బాగుపడమని ఎవడితో చెప్తామండి?"

ఆ రోజు మేజిస్ట్రేటు గారు ఏ సెక్షనూ గొణగలేదు. అక్కడికక్కడే చెప్పి రాయించారు. షరతు తప్పలేదు. ఇక మీదట సంతకం ఆస్పత్రిలో, డాక్టరు గారి ఎదట. మందు అందక వణికే ముద్దాయి ఎవరు దొరికినా వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకుపోవాలి, స్టేషన్లో ఎవరూ వైద్యం చేయరాదు. కొత్త కేసు కూడా నిలవలేదు. హెడ్డుగారు డబ్బాను కోర్టులో అప్పగించాడు.

ఆయన మీద శాఖాపరమైన విచారణ జరిగింది. మేజిస్ట్రేటు గారు మంచిగా రాయడం వల్ల ఉద్యోగం పోలేదు గాని, పామర్రు వైపు ఒక మారుమూల స్టేషనుకు బదిలీ చేశారు. ఒకసారి ఆ వైపు పనిబడి వెళ్ళి చూశాను. వరిచేల మధ్య స్టేషను, దొంగలు కూడా సరిగా దొరకరు. నామీద కోపంగా ఉందా అని అడిగాను. ఎందుకమ్మా, రాత్రులు నిద్ర పడతంది అన్నాడు. నేను అనవలసిన మాటలన్నీ స్టేషన్లో ఆనాడే అనేశాను కాబట్టి, ఈసారి చేతులెత్తి నమస్కారం పెట్టి వచ్చాను.

ఆ తరువాత మా మేజిస్ట్రేటు గారు ఇంకొందరిని ఆస్పత్రికి పంపారు. అందరూ బాగుపడ్డారని చెబితే కోతలు కోసినట్టే. కొందరు వార్డులోంచి పారిపోయారు. కొందరు మానేసి, మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ మా దగ్గరకే వచ్చారు. నిలబడినవాళ్ళు మాత్రం నిలబడ్డారు. డాక్టరు గారు వరండాలో ఒక మంచం వేస్తే అది నాలుగు మంచాలైంది. ఎనభైల్లో దేశానికంతటికీ మత్తుమందుల చట్టం వచ్చింది. వ్యసనపరుణ్ణి జైలుకు బదులు చికిత్సకు పంపవచ్చునని అందులో ఒక సెక్షన్ ఉంది. ఒక కుర్ర అధికారి ఆ పుస్తకం పట్టుకొచ్చి, కొత్త సంగతి చూశారా మేడమ్ అని చూపించాడు. నాకు నవ్వొచ్చింది, గర్వమూ వచ్చింది. బెజవాడలో ఒక వరండాలో మేము ఆ పని చేసేటప్పటికి ఆ చట్టం రాసినవాళ్ళకు ఇంకా కలం అందలేదు బాబూ అన్నాను. కాస్త ఎక్కువే అన్నానేమో. అననివ్వండి.

కళాసి బాండు గడువు తీరిన రోజు సంగతి చెప్పి ముగిస్తాను. ఆ రోజు అతను ఉతికిన పంచె కట్టుకుని, భార్యాపిల్లలతో కోర్టుకు వచ్చాడు. డాక్టరు గారి చివరి రిపోర్టు చదివి మేజిస్ట్రేటు గారు, ఇక నీమీద ఏ షరతూ లేదు, సంతకాలు లేవు, వెళ్ళు అన్నారు. కళాసి కదల్లేదు. అర్థం కాలేదేమోనని నేను దగ్గరకు వెళ్ళి మళ్ళీ చెప్పాను. అర్థమైందమ్మా అన్నాడు. మేజిస్ట్రేటు గారి వైపు తిరిగి చేతులు జోడించాడు.

"అయ్యగారూ, ఇంకో ఏడాది సంతకం పెట్టమని రాయండయ్యా. ఎవరూ అడగరంటే నాకు బయ్యంగా ఉందండి."

కోర్టులో ఎవరూ నవ్వలేదు. మేజిస్ట్రేటు గారు కలం చేతిలోకి తీసుకుని, మళ్ళీ బల్ల మీద పెట్టేశారు.

"ఆ ఆర్డరు నేను వెయ్యలేనయ్యా" అన్నారు. "ఇకమీదట నువ్వే వేసుకోవాలి."

ఆ వచ్చే మంగళవారం ఆస్పత్రికి వెళ్తూ, దారి పొడవునా అతని గురించే ఆలోచించాను. వరండాలో ఆ ఉదయమే కోర్టు పంపిన కొత్త మనిషి ఒకడు మంచం మీద ముడుచుకుని, పళ్ళు కటకటలాడిస్తూ పడి ఉన్నాడు. డాక్టరు గారు ఇంకా రాలేదు. ఆ మంచం పక్కన నేల మీద మా కళాసి కూర్చుని, వాడి కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని పిసుకుతున్నాడు.